సశేషం: వారం వారం సైన్స్ ఫిక్షన్ చూసేవాళ్ళ ప్రశ్నలు

టీవీలో వచ్చే సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళను వారం వారం చూడటం గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా మా విశాఖ నుంచే. ఈ ఊళ్ళో నాలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారని తెలిసి చెప్పలేనంత సంతోషమేసింది. చాలామంది పేరు వేయొద్దన్నారు కాబట్టి అందరికీ పేట పేరే వేశాం. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాను.

● సీజన్ మొత్తం వచ్చేదాకా ఆగి ఒక్క రాత్రిలో చూసేస్తే హాయి కదా మేడమ్? వారానికొకటి చూస్తుంటే ముందు జరిగింది మర్చిపోతున్నాను. మీరేమో వారం వారమే చూడమంటారు. ఎందుకు?
– డిగ్రీ విద్యార్థి, గాజువాక

మధ్యలో వారం గడవడం వల్ల మర్చిపోరు బాబూ. ఆ వారంలో దాని గురించి ఎవరితోనూ ఒక్క మాటా అనకపోతే మర్చిపోతారు.

'సెవరెన్స్' రెండో సీజన్ సంగతి చెబుతాను. 2025 జనవరి 17న మొదలై మార్చి 21న అయిపోయింది. పది ఎపిసోడ్లు, పది శుక్రవారాలు. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో: లూమన్ అనే కంపెనీలో కొందరు ఉద్యోగులు మెదడులో చిప్ పెట్టించుకుంటారు. ఆఫీసు లిఫ్టులో కిందికి దిగుతుండగానే బయటి జీవితం మొత్తం చెరిగిపోతుంది. సాయంత్రం పైకొచ్చేసరికి లోపల ఏం చేశారో గుర్తుండదు. అంటే లోపలి మనిషికి పుట్టుక నుంచీ ఆఫీసే. నిద్రపోవడం అంటే ఏమిటో కూడా వాడికి తెలియదు, ఎందుకంటే పడుకునేది బయటివాడు.

పెదవాల్తేరులో మా ఇంట్లో శుక్రవారం రాత్రి అయిదుగురం కూర్చుని చూసేవాళ్ళం. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. పక్క వాటాలో ఉండే నర్సు, షిప్‌యార్డులో వెల్డరుగా చేసే ఆవిడ తమ్ముడు, మా అక్క కూతురు, దాని స్నేహితురాలు. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాం. పేజీకి నిలువుగా గీత కొట్టి, ఎడమ పక్క 'ఊహ', కుడి పక్క 'జరిగింది'. ఎపిసోడ్ అవగానే లైటు వేసి, ఎవరి ఊహ వాళ్ళు సొంత దస్తూరీతో రాయాలి. ఒకసారి రాశాక కొట్టివేతలు కుదరవు.

మొదటి వారమే వెల్డరబ్బాయి రాశాడు: "లోపలివాడు రాజీనామా ఇస్తే బయటివాడు ఒప్పుకోకపోతే? మరి జీతం ఎవరిది?" మంగళవారం దాకా మెట్ల మీద ఎదురుపడ్డప్పుడల్లా అదే చర్చ. బుధవారం నర్సమ్మ నైట్ డ్యూటీ దిగి వస్తూ గేటు దగ్గరే ఆగింది. "ఆపరేషన్లో మత్తిచ్చాక పేషెంటుకి నొప్పి లేదంటాం కదండీ. నొప్పి నిజంగా లేదా, గుర్తు లేదా? నిన్న రాత్రంతా ఇదే ఆలోచన" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ కథ అడుగుతున్న ప్రశ్న సరిగ్గా అదే! అది పుట్టడానికి ఆవిడకు అయిదు రోజులు పట్టింది. ఒక్క రాత్రిలో అన్నీ చూసేస్తుంటే ఆ ఆలోచన మొలకెత్తే లోపలే తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలైపోయేది.

ఇది మనకు కొత్త అలవాటేం కాదు. మా అమ్మా పెద్దమ్మలూ వారపత్రిక చేతికి రాగానే ముందు సీరియల్ పేజీ తిప్పేవాళ్ళు. అడుగున 'సశేషం' చూసి ఉసూరుమనేవాళ్ళు. ఇక వారమంతా అరుగు మీద, నూతి దగ్గర ఆ కథే. సీరియల్ అయిపోయాక పేజీలన్నీ వరసగా చింపి బైండు చేయించి దాచుకునేవాళ్ళు.

దీనికి రెండో పక్క కూడా చూశాం. 2024 మార్చి 21న '3 బాడీ ప్రాబ్లమ్' ఎనిమిది ఎపిసోడ్లూ ఒకే రోజు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. అందులో ఆలోచనలకు కొదవ లేదు. మూడు సూర్యుల మధ్య తిరిగే గ్రహానికి రుతువులు ఎలా ఉంటాయన్న ఒక్క విషయం మీదే నేను నెల రోజులు మాట్లాడగలను. కానీ మాలో ఒకరు ఆదివారానికే ముగించేశారు, ఒకరు మూడో ఎపిసోడ్‌లో ఉన్నారు, ఇంకొకరు మొదలే పెట్టలేదు. ఎవరితో ఏం మాట్లాడితే ఏం బయటపడుతుందో అని అందరం నోళ్ళు మూసుకుని కూర్చున్నాం. నోట్‌బుక్‌లో ఆ సీరియల్ పేజీ ఇప్పటికీ ఖాళీయే.

ఇక మీ మతిమరుపుకు మందు: కొత్త ఎపిసోడ్ పెట్టే ముందు పాతదాని చివరి పది నిమిషాలు మళ్ళీ చూడండి. మొదట్లో 'ఇంతవరకు జరిగిన కథ' అని వేసే ముక్కలను నేనైతే దాటేస్తాను. ఈ వారం ఏ పాత ముడి విప్పబోతున్నారో ఆ ముక్కలే ముందుగా చెప్పేస్తాయి.

● 1980లలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ చూసేవాణ్ణి. అప్పట్లో మాకు టీవీ లేదు, పక్కింటి కిటికీ దగ్గర నుంచుని చూసేవాణ్ణి. అది మూడు సీజన్లే వచ్చిందని మా అబ్బాయంటే నమ్మలేకపోయాను. అంత పేరున్నదాన్ని ఎందుకు ఆపేశారు?
– పోర్టులో పనిచేసి రిటైరైన ఉద్యోగి, అక్కయ్యపాలెం

మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ. అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో 1966 సెప్టెంబర్ 8న మొదలై 1969 జూన్‌లో ఆగిపోయింది. మొత్తం 79 ఎపిసోడ్లు. ఆ మూడో సీజన్ కూడా అభిమానులు పోట్లాడి తెచ్చుకున్నదే.

రెండో సీజన్ నడుస్తుండగానే ఆపేస్తారన్న మాట బయటికి పొక్కింది. బీజో ట్రింబుల్ అనే ఆవిడా, ఆవిడ భర్త జాన్ ట్రింబులూ కలిసి తెలిసిన అభిమానులందరికీ ఉత్తరాలు రాశారు. మీరూ చానల్‌కు రాయండి, ఇంకో పదిమందితో రాయించండి అని. మెయిళ్ళు లేవు, వాట్సాప్ లేదు, అంతా తపాలా బిళ్ళల మీద నడిచిన ఉద్యమం. 1968 జనవరిలో కాల్‌టెక్ అనే సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు బర్బాంక్‌లోని ఎన్‌బీసీ స్టూడియోకు ఊరేగింపుగా వెళ్ళారు. చివరికి మార్చి 1న ఎపిసోడ్ అయ్యాక 'ఈ సీరియల్ కొనసాగుతుంది' అని చానల్ వాళ్ళే ప్రకటించారు. తీరా మూడో సీజన్‌ను శుక్రవారం రాత్రి పదింటికి వేశారు. కుర్రకారు ఇంట్లో ఉండని వేళ అది. బడ్జెట్ కూడా తగ్గించారు. ఇంకేం నిలబడుతుంది?

అసలు పేరంతా తర్వాత వచ్చింది. స్థానిక చానళ్ళు ఆ 79 ఎపిసోడ్లనే మళ్ళీ మళ్ళీ వేసేసరికి కొత్త తరం పట్టుకుంది. 1979లో సినిమా, 1987లో 'నెక్స్ట్ జనరేషన్' అనే కొత్త స్టార్ ట్రెక్ సీరియల్ ఆ బలంతోనే వచ్చాయి. మీరు కిటికీ దగ్గర నుంచుని చూసింది కూడా అలా మళ్ళీ బతికిన స్టార్ ట్రెక్‌నే. మీరొకటి గమనించే ఉంటారు. ఒక ఆదివారం కరెంటు పోయి తప్పిపోయినా పై వారం కథ అర్థమయ్యేది. ఏ ఎపిసోడ్‌కా ఎపిసోడ్ పూర్తి కథ, చివర్లో అందరూ క్షేమంగా అంతరిక్ష ఓడలోకి చేరుకునేవారు. ఏ వరసలో వేసినా ఇబ్బంది లేకపోవడం వల్లే చానళ్ళు అన్నేళ్ళు దాన్ని తిప్పగలిగాయి.

మన దూరదర్శన్ కూడా ఆ దారిలో అడుగేసింది. 'స్పేస్ సిటీ సిగ్మా', ఆ తర్వాత 1998లో మిలింద్ సోమన్ చేసిన 'కెప్టెన్ వ్యోమ్'. ఆ అట్ట సెట్లంటే నాకిప్పటికీ ప్రాణం.

● వారం వారం చూసేటప్పుడు ఒక ఎపిసోడ్ తప్పిపోతే దాన్ని వదిలేసి తర్వాతది చూడొచ్చా?
– గృహిణి, మర్రిపాలెం

స్టార్ ట్రెక్ లాంటి పాత పద్ధతి సీరియల్ అయితే నిక్షేపంగా చూడొచ్చు. ఇప్పటివాటిలో కుదరదు. అన్నీ ఒకే కథ, ఒక ముడి వదిలేస్తే తర్వాతదంతా అయోమయం. ఇప్పుడు తప్పిపోయింది ఎప్పుడైనా చూసుకోవచ్చు కాబట్టి ఓపిక పట్టండి.

తప్పిపోవడం అంటే నాకు హుద్‌హుద్ తుపాను గుర్తొస్తుంది. 2014లో బీబీసీ వాళ్ళ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ' కొత్త సీజన్ నడుస్తోంది. బ్రిటన్‌లో అక్టోబర్ 11 శనివారం రాత్రి ఒక ఎపిసోడ్ వచ్చింది. మనకు తెల్లారితే ఆదివారం, 12వ తారీకు. ఆ రోజు ఏమైందో విశాఖవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా వీధిలో నిలబడి ఉన్న చెట్టు ఒక్కటీ లేదు. నీళ్ళ ట్యాంకరు వస్తే బిందెలతో పరుగులు.

సిగ్నల్ రాగానే హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. క్షేమ సమాచారాలు అయ్యాక, "అక్కా, ఎపిసోడ్ చెప్పనా?" అన్నాడు. వాడికి తెలుసు నా సంగతి. జనరేటర్ పెట్టి ఫోన్లు ఛార్జింగ్ చేస్తున్న కొట్టు ముందు నిలబడి మొత్తం విన్నాను. అంతరిక్షంలో ఒక రైలు, పాతకాలపు ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ లాగా అలంకరించింది. అందులో ఒక మమ్మీ. ఎవరు చావబోతున్నారో వాళ్ళకు తప్ప ఇంకెవరికీ కనపడదు. కనపడిన క్షణం నుంచి 66 సెకన్లు, అంతే.

ఆ రాత్రి మా మెట్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని పై వాటాల పిల్లలందరికీ అదే కథ చెప్పాను. మమ్మీ కనపడ్డ దగ్గర ఆగి, "ఇప్పుడు లెక్కపెట్టండి" అన్నాను. చిన్నాపెద్దా కలిసి గొంతెత్తి ఒకటి నుంచి 66 దాకా లెక్కపెట్టారు. యాభై దాటాక గొంతులు సన్నబడ్డాయి. అరవైకి ఒక పిల్ల వచ్చి నా ఒళ్ళో దూరింది. తర్వాత ఆ ఎపిసోడ్ చూశాను, చాలా బాగుంది. కానీ నాకు ముందు గుర్తొచ్చేది ఆ లెక్కే.

'డాక్టర్ హూ'కు తప్పిపోవడం పుట్టుకతోనే వచ్చింది. మొదటి ఎపిసోడ్ 1963 నవంబర్ 23న వేశారు. ముందు రోజే కెనడీ హత్య. ఆ గొడవలో చాలామంది చూడలేదని పై శనివారం రెండో ఎపిసోడ్‌కు ముందు మొదటిది మళ్ళీ వేశారు. అంతకంటే పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. టేపులు ఖరీదైనవి, మళ్ళీ వాడుకోవచ్చు, పాతవి ఎవరు చూస్తారని 1960లు, 70లలో బీబీసీ చాలా ఎపిసోడ్లు చెరిపేసింది. తొంభైకి పైగా ఎపిసోడ్ల బొమ్మ నేటికీ దొరకలేదు. 2013లో నైజీరియాలోని జోస్ అనే ఊళ్ళో ఒక టీవీ కేంద్రంలో తొమ్మిది దొరికాయని ప్రకటించినప్పుడు నాకు పండగలా ఉంది.

కానీ ఒక్క ఎపిసోడ్ శబ్దం కూడా పోలేదు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి, ఎవరూ మాట్లాడొద్దని ఇంట్లోవాళ్ళను బతిమాలి, వారం వారం రికార్డు చేసుకున్న పిల్లలున్నారు. వాళ్ళు దాచిన టేపుల వల్లే అన్ని ఎపిసోడ్ల ఆడియో మిగిలింది. అభిమాని అన్న మాట వింటే నాకు ముందు వాళ్ళే గుర్తొస్తారు.

● నాది షిఫ్టు డ్యూటీ. శుక్రవారం వచ్చింది ఆదివారానికి గానీ చూడలేను. ఈలోగా క్యాంటీన్లో, వాట్సాప్ స్టేటస్‌ల్లో కథ మొత్తం తెలిసిపోతోంది. ఏం చేయాలి?
– స్టీల్ ప్లాంటు ఉద్యోగి, కూర్మన్నపాలెం

మీ బాధ నాకు బాగా అర్థమైంది. ముందు మీవైపు నుంచి చేయగలిగింది: ఫోన్లో శుక్రవారం పొద్దున్నే స్టేటస్‌లన్నీ మ్యూట్ చేసేయండి. యూట్యూబ్ అసలు తెరవొద్దు. అక్కడ వీడియో చూడనక్కర్లేదు, బొమ్మే చెప్పేస్తుంది.

మిగతాది మీ స్నేహితులు చేయాలి. కాబట్టి ఇది వాళ్ళకు చదివి వినిపించండి. "ఫలానావాడు చచ్చిపోయాడు" అని చెప్పకుండా ఉంటే చాలదు. "ఈ వారం గుండె ఆగిపోయిందిరా" అన్నా చెప్పినట్టే. చూసేవాడు మొదటి నిమిషం నుంచీ ఎవరు పోతారా అని కాచుకుని కూర్చుంటాడు. "చివరి అయిదు నిమిషాలు మిస్సవకు" అన్నా అంతే, ముందున్న నలభై నిమిషాలూ మాసిపోతాయి. "చూశావా?" అని అడగండి. "ఇంకా లేదు" అంటే "సరే, చూశాక ఫోన్ చెయ్" అనండి. అక్కడితో ఆపండి.

మా గుంపులో ఎవరైనా శుక్రవారం రాలేకపోతే, ఆదివారం రాత్రి భోజనాలయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదని నియమం. వెల్డరబ్బాయికీ షిఫ్టులే కాబట్టి అందరం పాటిస్తాం. మీ క్యాంటీన్లోనూ ఒక రోజు అనుకుని పెట్టుకోండి. సోమవారం టీ టైమయితే బాగుంటుంది.

● ఇదివరకు ఏడాదికి ఇరవైకి పైగా ఎపిసోడ్లు వచ్చేవి. ఇప్పుడు రెండు మూడేళ్ళకు ఎనిమిదో పదో. ఎందుకింత ఆలస్యం?
– స్కూలు టీచరు, సీతమ్మధార

'నెక్స్ట్ జనరేషన్' ఏడు సీజన్లలో 178 ఎపిసోడ్లు తీసింది. ఎలా తీశారంటే ఓడ లోపలి సెట్లు శాశ్వతంగా అలాగే ఉండేవి. ఓడ ఎగిరే షాట్లు ఒకసారి తీసి పదిచోట్ల వాడేవారు. ఒక పక్క షూటింగ్ జరుగుతుంటే ఇంకో పక్క తర్వాతి వారాల కథలు రాసేవారు. ఆ హడావుడిలో కొన్ని పేలవంగా వచ్చాయి. కానీ నటులకూ రాసేవాళ్ళకూ ఆ పాత్రలు ఒంటబట్టిపోయాయి. ఓడ కెప్టెన్ పికార్డ్ టీ తాగే తీరు కూడా మనకు తెలుసు. నాకు ఇప్పటివాటిలో ఆ వెలితి కనిపిస్తుంది. ఎనిమిది ఎపిసోడ్లలో పాత్రలకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు.

ఇప్పుడు ఒక్కో సీజన్ ఒక పెద్ద సినిమా. స్క్రిప్టులు ముందే పూర్తి కావాలి, గ్రాఫిక్స్‌కు నెలలు పడుతుంది. దానికి తోడు 2023లో హాలీవుడ్ రచయితలు మే నుంచి సెప్టెంబర్ దాకా, నటులు జులై నుంచి నవంబర్ దాకా సమ్మె చేశారు. చాలా సీరియళ్ళు ఏడాది వెనక్కి పోయాయి. 'సెవరెన్స్' మొదటి సీజన్ 2022 ఏప్రిల్‌లో ముగిస్తే రెండోది 2025 జనవరికి గానీ రాలేదు. సమ్మెలను నేను తప్పు పట్టను. కథ రాసేవాడి కడుపు నిండకపోతే మనకు కథే లేదు.

ఎదురుచూపు అప్పుడూ ఉండేది. 1990 జూన్ 18న పికార్డ్‌ను శత్రువులు సగం యంత్రంగా మార్చేసిన దగ్గర 'నెక్స్ట్ జనరేషన్' సీజన్ ఆపేశారు. జవాబు సెప్టెంబర్ 24న వచ్చింది. రచయిత మైకేల్ పిల్లర్ మొదటి భాగం రాసేటప్పటికి ముడి ఎలా విప్పాలో తనకే తెలియదు. మూడు నెలలు జనమూ ఆలోచించారు, ఆయనా ఆలోచించాడు!

● మావాడు ఇంటర్ సెకండియర్. వారానికి మూడు సీరియళ్ళు చూస్తాడు. చూసే టైము కంటే వాటి గురించి ఫోన్లో వాదించే టైమే ఎక్కువ. మార్చిలో పరీక్షలు. ఒకటే టెన్షన్. ఆపించేయనా?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

పూర్తిగా ఆపించకండమ్మా, దొంగచాటుగా చూస్తాడు. మూడింట్లో ఒకటి వాణ్ణే ఎంచుకోమనండి. వాదనలు శని, ఆదివారాలకే. ఫోన్లో కాకుండా కాగితం మీద రాయమనండి, చెయ్యి నొప్పెడితే దానంతటదే తగ్గుతుంది. ఇంకో పని కూడా చేయొచ్చు. కథలో అంగారకుడి మీదివాళ్ళు భూమితో అప్పటికప్పుడు మాట్లాడేస్తుంటే, అది సాధ్యమా అని వాణ్ణి అడగండి. రెండు గ్రహాల మధ్య దూరాన్ని కాంతి వేగంతో భాగిస్తే మాట చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుందని వాడే లెక్క తేలుస్తాడు. అది వాడి ఫిజిక్స్ పుస్తకంలో లెక్కే.

● మూడు సీజన్లు ప్రాణం పెట్టి చూసిన సీరియల్‌ను మధ్యలో ఆపేశారు. ఆ కాలమంతా వృథాయేనా? అభిమానులు ఏమైనా చేయగలరా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మధురవాడ

చేయగలరు. 'ది ఎక్స్‌పాన్స్' అందుకు సాక్ష్యం. దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. ఫిజిక్స్ చెప్పినదాన్ని కాబట్టి నాకు అదంటే చాలా ఇష్టం.

అందులో అంతరిక్ష ఓడలు విమానంలా ఉండవు, అపార్టుమెంటులా ఉంటాయి. అడుగున ఇంజను, దానిమీద అంతస్తులు. ఇంజను తోస్తున్నంతసేపు నేల కాళ్ళ కిందికి వస్తుంది, అదే వాళ్ళ బరువు. ఆపగానే తేలిపోతారు. సగం దారికి రాగానే ఓడ తలకిందులై ఇంజనును ముందుకు తిప్పి వేగం తగ్గించుకుంటుంది. తక్కువ గురుత్వంలో పుట్టి పెరిగిన గ్రహశకలాల కూలీలు పొడుగ్గా, సన్నగా, పెళుసు ఎముకలతో ఉంటారు. భూమి మీద నిలబడలేరు. వాళ్ళ భాషను నిక్ ఫార్మర్ అనే భాషావేత్త కల్పించాడు. స్పేస్ సూట్లలో ముఖం కనపడదని వాళ్ళు చేతులతో పెద్దగా సైగలు చేస్తారు. మా వెల్డరబ్బాయి అది చూసి లేచి నిలబడ్డాడు. "మేమూ అంతేనండీ! హెల్మెట్ పెట్టుకుని, ఆ చప్పుట్లో, అంతా చేతులతోనే" అని నాలుగు సైగలు చేసి చూపించాడు. ఆ రోజు నుంచి అది అతని సీరియల్.

2018 మేలో సైఫై చానల్ దాన్ని మూడో సీజన్‌తో ఆపేస్తున్నామంది. అభిమానులు ఊరుకోలేదు. లక్షకు పైగా సంతకాలు సేకరించారు. డబ్బులు పోగేసి, సీరియల్‌ను కాపాడమన్న బ్యానర్ కట్టిన విమానాన్ని అమెజాన్ స్టూడియోస్ మీదుగా ఎగరేయించారు. అదే నెల 25న లాస్ ఏంజెలెస్‌లో ఒక అంతరిక్ష సదస్సులో, ఆ సీరియల్ నటులు ఎదురుగా కూర్చుని ఉండగా, అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ దాన్ని తామే కొనసాగిస్తామని చెప్పాడు. ఇంకో మూడు సీజన్లు వచ్చాయి. నాలుగోది ఒకేసారి వదిలారు. అయిదు, ఆరు మళ్ళీ వారం వారం పద్ధతికి వచ్చాయి. 2022 జనవరి 14న ముగిసింది.

ప్రతిసారీ గెలుస్తామని మాత్రం చెప్పను. 2002లో 'ఫైర్‌ఫ్లై'ని చానల్ వాళ్ళు వరస తప్పించి వేసి, తీసిన 14లో 11 మాత్రమే చూపించి ఆపేశారు. 2005లో ఒక సినిమా దక్కింది, అంతే. అయినా ఆ 14 చూసినవాళ్ళెవరూ కాలం వృథా అయిందనరు. మీరూ మీ సీరియల్‌ను ఇంకొకరికి చూపించండి. నచ్చినదాన్ని దొంగ కాపీల్లో చూడకుండా వచ్చిన మొదటి వారాల్లోనే అసలు చోట, చివరిదాకా చూడండి. ఎంతమంది చూశారు, ఎంతమంది మధ్యలో మానేశారు అన్న లెక్క మీదే వాటి బతుకు.

● మా అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ నాతోపాటు కూర్చుని చూస్తుంది. నేను మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెబుతుంటాను. ఆవిడ కోసం తెలుగులో ఏమైనా ఉన్నాయా?
– పదో తరగతి విద్యార్థిని, భీమిలి

ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చింది నీదే తల్లీ. 'లోకి' తెలుగు డబ్బింగ్‌లో ఉంది. కాలం ఒక్కటే దారిలో నడవాలని కాపలా కాసే ఒక పెద్ద ఆఫీసు, దాంట్లో ఇరుక్కున్న ఒక దేవుడు. మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లే. అమ్మమ్మకు తప్పకుండా నచ్చుతుంది, కాలాలూ లోకాలూ దాటే కథలు ఆవిడకు మనకంటే ముందే తెలుసు. 'స్ట్రేంజర్ థింగ్స్' కూడా తెలుగులో ఉంది గానీ భయం పాలు ఎక్కువ, ముందు నువ్వొకసారి చూసుకో.

అయితే డబ్బింగ్ దొరికింది కదా అని నువ్వు చెప్పడం మానేయకు. అన్నీ ఒకేసారి పెట్టేయకుండా వారానికొకటే వేయి. వేసే ముందు పోయిన వారం ఏమైందో ఆవిణ్ణే చెప్పమను. ఎక్కడ తప్పు చెప్పినా సరిదిద్దకు, ఆవిడ చెప్పే కథ ఎటు పోతుందో విను. చివర్లో "ఇప్పుడేమవుతుందంటావు అమ్మమ్మా?" అని అడిగి, ఆవిడ అన్నది అన్నట్టే ఒక కాగితం మీద రాసిపెట్టు. మొదటి ఎపిసోడ్‌కు ఆవిడేమందో నాకు పంపు. పై నెల ఈ పేజీలో వేస్తాను.